ఫుట్‌పాత్ మీంచి చూస్తే: మూడు పాత హోటళ్లు, వాటి డౌన్‌టౌన్లు

పరుపు ఎలా ఉంది, వేడినీళ్లు వస్తున్నాయా, రూం సర్వీస్‌కి ఎంతసేపు పట్టింది: హోటల్ సమీక్షలో మామూలుగా చూసేవి ఇవి. ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. మూతపడిన పాత హోటల్‌ని బాగుచేసి తెరిస్తే చుట్టూ ఉన్న డౌన్‌టౌన్‌కి ఏం ఒరిగిందన్నదే ఇక్కడి లెక్క. అందుకు అమెరికాలోని మూడు హోటళ్లు తీసుకున్నాం: డెట్రాయిట్‌లో బుక్ కాడిలాక్, మెంఫిస్‌లో పీబాడీ, ఓక్లహోమా సిటీలో స్కర్విన్. మూడూ ఒక వెలుగు వెలిగి, మూతబడి, ఏళ్లతరబడి చీకట్లో ఉండి మళ్లీ తెరుచుకున్నవే.

తీర్పు ముందే చెప్పేస్తే పోతుంది. పై అంతస్తుల్లో గదులు ఎంత బాగా వచ్చాయన్నది యజమాని బాధ. ఊరు చూసుకోవాల్సింది కింది అంతస్తు. వీధిలోకి ఎన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి, గది తీసుకోనివాళ్లు ఎంతమంది లోపలికి అడుగు పెడుతున్నారు, రాత్రి పదింటికి ఫుట్‌పాత్ మీద వెలుతురు పడుతోందా. మిగతావన్నీ దీని తర్వాతే.

అసలు హోటలే ఎందుకు అంటే, ఆఫీసు భవనం సాయంత్రం ఆరింటికి ఖాళీ అవుతుంది, శని ఆదివారాలు తెరుచుకోదు. హోటల్‌కి తాళం వేసే వేళంటూ ఉండదు. 225 గదుల హోటల్లో నూటికి డెబ్బై గదులు నిండాయనుకుంటే రోజుకి 157 గదులు. కొన్నింట్లో ఇద్దరేసి ఉంటారు కాబట్టి రెండు వందల మంది పైచిలుకు. వాళ్లకి వంటిల్లు లేదు, చాలామందికి చేతిలో కారూ ఉండదు. రాత్రి భోజనానికి పది నిమిషాల నడకలో ఏది తెరిచి ఉంటే అక్కడికే వెళ్తారు. వీళ్లు కాక మూడు షిఫ్టుల్లో వచ్చిపోయే సిబ్బంది, తెల్లవారకముందే సరుకు దించే బండ్లు. పక్కనున్న కాఫీ కొట్టు తొమ్మిదింటి దాకా తెరిచి ఉండాలంటే ఇలాంటి రోజువారీ గిరాకీయే కావాలి. ఆట ఉన్న రోజు కిటకిటలాడి, మర్నాడు బోసిపోయే స్టేడియం ఈ గిరాకీ ఇవ్వలేదు.

బుక్ కాడిలాక్, డెట్రాయిట్

1924 డిసెంబరులో తెరిచినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన హోటల్ ఇదే. వాషింగ్టన్ బొలెవార్డ్ మీద 30 అంతస్తుల పైచిలుకు, 1,136 గదులు. ఆర్కిటెక్టు లూయీ కాంపర్. 1984లో మూతపడింది. 2008 అక్టోబరులో వెస్టిన్ అనే హోటల్ బ్రాండు పేరు తగిలించుకుని తెరుచుకునే దాకా 24 ఏళ్లు ఖాళీగా పడి ఉంది. బాగుచేయడానికి దాదాపు 20 కోట్ల డాలర్లు అయింది. అంతకుముందు ఒకసారి పని మొదలై, ఖర్చు అంచనాలు దాటిపోవడంతో ఆగిపోయింది కూడా.

ఇన్నేళ్ల ఖాళీ ఇలాంటి కట్టడాన్ని ఏం చేస్తుందో తెలిస్తే తప్ప ఆ అంకె అర్థం కాదు. ఆ కాలపు ఎత్తైన భవనాల్లో కప్పు మీద పడ్డ వాననీరు బయటి గొట్టాల్లోంచి కాదు, లోపల ఉక్కు స్తంభాల పక్కనుంచే దిగుతుంది. హీటింగ్ ఆపేశాక మొదటి చలికాలంలోనే ఆ గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగులుతాయి. లేదంటే పైన గొట్టం మూతి చెత్తతో పూడుకుపోతుంది. అప్పటినుంచి ప్రతి వానా గోడ లోపల్నుంచే కారుతుంది. ఉక్కు తుప్పు పడితే ఆ తుప్పు అసలు లోహం కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఎదురుగా ఉన్న ఇటుకనీ టెర్రకోట (కాల్చిన మట్టి) దిమ్మనీ బయటికి నెట్టేస్తుంది. వీధిలోంచి చూస్తే సన్నటి పగులు, లోపల చూస్తే దిమ్మని పట్టుకోవాల్సిన కొక్కెం ఉండదు. తాళం వేసేముందు నీళ్ల పైపులు ఖాళీ చేసి, కప్పు మీద గొట్టాల మూతులు నెలకోసారి శుభ్రం చేయించి, గాలి ఆడేలా కిటికీలకు జాలీలు పెడితే ఈ నష్టంలో చాలా భాగం తప్పుతుంది. ఖాళీ భవనం మీద ఆ చిల్లర ఖర్చు పెట్టే యజమాని మాత్రం అరుదు. రాగి పైపుల దొంగలు మిగతా పని పూర్తి చేస్తారు.

టెర్రకోట బాగుచేయడం అంటే ముందు ఊయల కట్టుకుని దిగి, ప్రతి దిమ్మనీ చెక్క సుత్తితో తట్టి చూడటం. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా మోగితే లోపల పగిలినట్టు. మార్చాల్సిన దిమ్మకి అచ్చు తీసేటప్పుడు అసలు కొలతకి తీయకూడదు. మట్టి ఆరి, కాలేసరికి దాదాపు 8 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చు ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ఈ దిమ్మలు చేసే కార్ఖానాలు తక్కువ, ఆర్డరిచ్చాక నెలలు పడుతుంది. పనివాళ్లు పరంజా ఎక్కాక ఆర్డర్ ఇస్తే పరంజా అద్దే బడ్జెట్‌ని తినేస్తుంది. ఇటుకల మధ్య సందుల్లో పాత గచ్చుని సందు వెడల్పుకి రెండు, రెండున్నర రెట్లు లోతుదాకా తీసి, ఇటుక కంటే మెత్తగా ఉండే సున్నం గచ్చు నింపాలి. గట్టిగా ఉంటుంది కదా అని ఉత్త పోర్ట్‌లాండ్ సిమెంటు కూరితే ఎండకీ చలికీ ఇటుక కదిలినప్పుడు సందు నిలిచి ఇటుక అంచులు రాలతాయి. నీరు దిగకుండా గోడకి పైన ప్లాస్టిక్ పూత పూయడం ఇంకో మహాపాపం. లోపలికి వెళ్లిన తేమ బయటికి రావడానికి దారి మూసేసినట్టే. ఇసుక చిమ్మి శుభ్రం చేస్తే టెర్రకోట మీది మెరుపు పొర పోతుంది, ఇక అది తిరిగి రాదు.

గదుల సంగతి. 1920ల్లో హోటల్ గది అంటే మంచం, చిన్న బల్ల, కాలు చాపితే గోడ. ఇప్పటి ప్రయాణికుడు ఆ గదికి డబ్బివ్వడు. అందుకే రెండు గదుల్ని ఒకటిగానో, మూడింటిని రెండుగానో కలుపుతారు. 1,136 గదుల బుక్ కాడిలాక్‌లో ఇప్పుడున్నవి 453 హోటల్ గదులు. పై అంతస్తుల్లో అరవైకి పైగా సొంత ఇళ్లు అమ్మకానికి పెట్టారు. గోడ తీయడం తేలికే, స్నానాల గది జరపడమే కష్టం. పాత హోటళ్లలో పక్కపక్క గదుల స్నానాల గదులు వీపుకి వీపు ఆనించి, ఒకే నిలువు గొయ్యిలో పైపులు దింపుతారు. కొత్త నమూనాలో స్నానాల గదిని ఆ గొయ్యికి దూరంగా పెడితే ప్రతి అంతస్తులోనూ నేలకి కన్నం వేయాలి. ఆ నేల కొన్నిచోట్ల కాంక్రీటు కాదు, ఉక్కు దూలాల మధ్య డొల్ల మట్టి దిమ్మలు కమానులా బిగించిన నేల. బిగింపు దిమ్మ మీద డ్రిల్లు పడితే పక్క దిమ్మలు కూడా జారతాయి. అలాంటి నేలలో ఎక్కడ కన్నం వేయాలో స్ట్రక్చరల్ ఇంజనీరు ముందే గుర్తు పెట్టాలి, ప్లంబర్‌కి వదిలేస్తే ఆర్నెల్లు ఆలస్యం.

వారసత్వ నియమాలు పాటించే చోట కారిడార్లు ఉన్నచోటే ఉండాలి. హోటల్ అనిపించేదే ఆ పొడవాటి కారిడార్ కాబట్టి దాన్ని మింగేసి గదులు పెంచుతామంటే ఒప్పుకోరు. ఏసీ గొట్టాల కోసం సీలింగ్ దించినా అది కిటికీ పై అంచుని అడ్డుకోకూడదు. దించిన భాగం కిటికీకి ఎడంగానే ఆగాలి. రాత్రి లైటు వేస్తే సగం మూసుకుపోయిన కిటికీలు వీధిలోంచి ఇట్టే కనపడతాయి మరి.

ఈ హోటల్లో నృత్యశాలల పునరుద్ధరణ గొప్పగా వచ్చింది. లాబీ మాత్రం కొత్తది, పాత లాబీ అప్పటికే మిగల్లేదు. లేనిదాన్ని ఉన్నట్టు నటించకుండా కొత్తగానే కట్టడం సరైన నిర్ణయం. కింది అంతస్తులో 2008లోనే తెరిచిన రోస్ట్ అనే రెస్టారెంటు ఊరివాళ్లని లోపలికి రప్పించింది. 2022లో అది మూతపడ్డాక ఆ మూల ఎంత అవసరమో ఇంకా బాగా తెలిసొచ్చింది.

మరి డౌన్‌టౌన్ బాగుపడిందా? ఇక్కడే పొగడ్తలకి కాస్త కళ్లెం వేయాలి. ఇదే బొలెవార్డ్ మీద, ఇదే కాంపర్ గీసిన 38 అంతస్తుల బుక్ టవర్ ఉంది. హోటల్ తెరిచిన మరుసటి ఏడాది, 2009లో, ఆ టవర్ పూర్తిగా ఖాళీ అయిపోయింది! అది బాగుపడి మళ్లీ తెరుచుకున్నది 2023లో. మధ్యలో, 2010లో, ఇళ్ల అప్పులిచ్చే క్వికెన్ లోన్స్ సంస్థ తన ఆఫీసుని శివారు నుంచి డౌన్‌టౌన్‌కి తెచ్చింది. ఉద్యోగాలు రావడం, పాత భవనాలు వరసగా చేతులు మారడం ఆ తర్వాతే ఊపందుకున్నాయి. హోటల్ ఒక్కటే వీధిని లేపిందనడం అతి.

అయితే ఇంకో పోలిక చూడండి. అదే వీధిలో, గ్రాండ్ సర్కస్ పార్క్ మూలన స్టాట్లర్ హోటల్ ఉండేది. 1915లో తెరిచి 1975లో మూతపడింది. 2005లో కూల్చేశారు. కూల్చేస్తే ఎవరో ఒకరు కొత్తది కడతారన్నది ఆశ. ఆ స్థలం పదేళ్లకు పైగా ఖాళీగానే ఉండిపోయింది. నిలబెట్టిన హోటల్ ఏటా పన్ను కడుతూ, గదులు నింపుతూ ఉంటే, కూల్చిన హోటల్ ఇచ్చింది గడ్డి నేల. డౌన్‌టౌన్‌కి బుక్ కాడిలాక్ చేసిన మేలు ఇలా చూస్తేనే తెలుస్తుంది. ఫుట్‌పాత్ మార్కులు అయిదుకి మూడున్నర.

పీబాడీ, మెంఫిస్

ఇప్పటి భవనం 1925 నాటిది. 1975లో దివాలా తీసి మూతపడ్డాక బెల్జ్ కుటుంబం 4 లక్షల డాలర్లకి కొని, దాదాపు రెండున్నర కోట్లు పెట్టి 1981లో తెరిచింది. అప్పటికి చుట్టుపక్కల కొట్లు చాలావరకు మూసేసి ఉన్నాయి. రెండు వీధుల అవతలున్న, బ్లూస్ సంగీతానికి పేరుపడ్డ బీల్ స్ట్రీట్ మళ్లీ తెరుచుకున్నది 1983లో. అంటే ఇక్కడ ముందు వచ్చింది హోటలే.

ఈ హోటల్ అసలు గొప్పదనం పేరుకి ఓ వేళాకోళంలా కనపడుతుంది. రోజూ ఉదయం 11 గంటలకి డాబా మీంచి బాతులు లిఫ్టులో దిగి, ఎర్ర తివాచీ మీద నడిచి, లాబీ మధ్యలో రాతి ఫౌంటెన్‌లోకి దిగుతాయి. సాయంత్రం 5 గంటలకి అదే దారిన పైకి పోతాయి. 1930ల నుంచి వస్తున్న ఆచారం. చూడ్డానికి టికెట్ లేదు, గది తీసుకోనక్కర్లేదు. ఊరి లెక్కలో చూస్తే ఇది రోజుకి రెండుసార్లు, వారానికి ఏడు రోజులు, పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు డౌన్‌టౌన్‌కి రావడానికి ఓ సాకు. ఉదయం బాతుల్ని చూసినవాళ్లు మధ్యాహ్నం భోజనం ఎక్కడో ఒకచోట చేస్తారు, సాయంత్రం బాతుల కోసం వచ్చినవాళ్లు రాత్రి భోజనం చేసి పోతారు. కోట్లు పోసి కట్టిన ఆకర్షణలు కూడా ఇంత చక్కగా భోజనాల వేళకి కలిసిరావు.

ఇక్కడి నుంచి నేర్చుకోవాల్సిన ఎదురు పాఠం కూడా పక్కనే ఉంది. హోటల్‌ని నిలబెట్టిన ఆ కుటుంబమే 2000 ప్రాంతంలో దాని పక్కన పీబాడీ ప్లేస్ అనే మాల్ కట్టింది. కొట్లన్నీ లోపలివైపు తిరిగి ఉన్న మాల్ అది. పదేళ్లు గట్టిగా నడవలేదు, చివరికి 2018లో సర్వీస్‌మాస్టర్ అనే సంస్థకి ఆఫీసుగా మారింది. అదే యజమానులు, అదే వీధులు, అదే జనం. హోటల్ లాబీలోకి ఎవరైనా దారినపోతూ రాగలరు, మాల్‌లోకి మాత్రం పనిగట్టుకుని వెళ్లాలి. ఫుట్‌పాత్ మార్కులు నాలుగున్నర. ఆ అర మార్కు పోయింది మాల్ వల్లే.

స్కర్విన్, ఓక్లహోమా సిటీ

1911లో తెరిచిన ఈ హోటల్ 1930ల నాటికి 14 అంతస్తులకి, 525 గదులకి పెరిగింది. 1988లో మూతపడింది. 2002లో నగరమే కొనుక్కుని, నడిపేవాళ్లని వెతికి, 2007 ఫిబ్రవరిలో 225 గదులతో తెరిపించింది.

దీని దగ్గర గమనించాల్సింది వరస. ఓక్లహోమా సిటీ 1993లోనే ఓటేసి సేల్స్ ట్యాక్సు డాలరుకి ఒక సెంటు పెంచుకుంది. ఆ డబ్బుతో 1998లో బేస్‌బాల్ మైదానం, 1999లో బ్రిక్‌టౌన్ కాలువ, 2002లో ఇండోర్ అరీనా వచ్చాయి. హోటల్ ఆ తర్వాత. అంటే రాత్రి బస చేయడానికి కారణం ముందు ఏర్పడింది, గది తర్వాత దొరికింది. 2008లో ఎన్‌బీఏ (బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు ఊరికి రావడంతో ఆడటానికి వచ్చే జట్లు ఇక్కడే దిగడం మొదలైంది. (ఓడిపోయిన జట్ల ఆటగాళ్లు రాత్రి గదిలో దయ్యం తిరిగిందని చెప్పడం ఈ హోటల్‌కి పైసా ఖర్చు లేని ప్రచారం.) బ్యాంకు అప్పిచ్చేముందు అడిగేది కూడా వరస గురించే: మంగళవారం రాత్రి ఈ ఊళ్లో పడుకోవాల్సిన పని ఎవరికుంది? కోర్టులు, ఆసుపత్రి, కన్వెన్షన్ సెంటర్, పెద్ద కంపెనీ ఆఫీసు, వీటిలో ఏదో ఒకటి నడక దూరంలో లేకపోతే శనివారం పెళ్లిళ్లు ఒక్కటే హోటల్‌ని పోషించలేవు. ఫుట్‌పాత్ మార్కులు నాలుగు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది

పాత హోటల్‌ని బాగుచేసే ఖర్చు మామూలుగా బాగుచేశాక దానికి మార్కెట్లో వచ్చే విలువ కంటే ఎక్కువే. ఆ తేడాని ఎవరో పూడ్చాలి. అమెరికాలో మొదటి ఆధారం ఫెడరల్ వారసత్వ పన్ను రాయితీ: చారిత్రకమని ధ్రువీకరించిన, ఆదాయం తెచ్చే భవనం మీద పెట్టిన అర్హమైన ఖర్చులో 20 శాతం. 3 కోట్ల డాలర్లు పెడితే 60 లక్షలు. 2018కి ముందు ఇది ఒకేసారి దక్కేది. ఇప్పుడు అయిదేళ్లపాటు ఏడాదికి 12 లక్షల చొప్పున. ఆలస్యంగా వచ్చే డాలరుకి విలువ తక్కువ కాబట్టి రాయితీ కొనే పెట్టుబడిదారు (తన పన్నులో తగ్గించుకోవడానికి దాన్ని డబ్బిచ్చి తీసుకునేవాడు) కూడా ఆ మేరకు తగ్గించే ఇస్తాడు.

లెక్కలు తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. భవనం కొన్న ధర, కొత్తగా కలిపిన కట్టడం, పార్కింగ్, మంచాలూ కుర్చీలూ ఈ 20 శాతంలోకి రావు. మొత్తం బడ్జెట్ మీద 20 శాతం వేసుకుని కూర్చున్నవాళ్లు చివర్లో తెల్లమొహం వేస్తారు. రెండోది, దరఖాస్తు మూడు భాగాలు: భవనం చారిత్రకమేనన్నది మొదటిది, చేయబోయే పని రెండోది, చేసిన పని మూడోది. రెండో భాగం ఆమోదం రాకముందే పాత కిటికీలు పీకేసి అల్యూమినియంవి బిగిస్తే, తర్వాత వాటినీ పీకాల్సి రావచ్చు, లేదా రాయితీ మొత్తం పోవచ్చు. తెరిచాక అయిదేళ్లలోపు అమ్మితే మొదటి ఏడాది రాయితీ మొత్తం, ఆపై ఏడాదికి 20 శాతం చొప్పున తగ్గుతూ వెనక్కి కట్టాలి. ఇది కాక అనుకోని ఖర్చులకి కొత్త కట్టడానికైతే 5 శాతం పక్కన పెట్టుకునేవాళ్లు, ఇక్కడ 15 నుంచి 20 శాతం పెట్టుకోవాలి. గోడ విప్పేదాకా లోపల ఏముందో గీసిన డ్రాయింగులకి కూడా తెలియదు.

నగరాలు ఆస్తిపన్ను పెరుగుదలని ముందే తాకట్టు పెట్టి అప్పు ఇప్పిస్తాయి. హోటల్ వల్ల పెరిగే పన్ను ఇరవై ఏళ్లో అంతకంటే ఎక్కువో ఆ అప్పు తీర్చడానికే పోతుంది, ఆ పన్నులో వాటా రావాల్సిన బడులకి అన్నాళ్లూ రాదు. ఇది తప్పని అనడం లేదు. ఎలాగూ వచ్చే హోటల్‌కి ఇస్తే మాత్రం దండగే.

గదులకి గిరాకీ మీద అనుమానం ఉంటే టల్సాలోని మేయో హోటల్ దారి మేలు. 1925లో 600 గదులతో కట్టి, 1981లో మూసి, 2009లో తెరిచినప్పుడు 102 హోటల్ గదులు, 76 అద్దె ఇళ్లు చేశారు. హోటల్ మందగించిన నెలల్లో అద్దెలు ఆదుకుంటాయి. పైగా అద్దెకుండేవాడు ఏడాది పొడవునా ఆ వీధిలోనే కూరగాయలు కొంటాడు.

ఇక నగరం ఒప్పందంలో రాయించుకోవాల్సినవి. ముఖద్వారం నగిషీల గురించి పది పేజీలు ఉంటాయి, కింది కొట్ల గురించి ఒక్క వాక్యం ఉండదు. తర్వాత ఆ కొట్ల అద్దాల వెనక లాండ్రీ గదీ, జిమ్మూ వస్తాయి, అద్దాలకి లోపల్నుంచి స్టిక్కర్ అతికిస్తారు. వీధి పొడవునా పాత కొట్ల తలుపులు పని చేసేలా ఉంచాలనీ, సరుకు దించే చోటూ చెత్త డబ్బాలూ వెనక సందులోనే ఉండాలనీ, కార్లు ఆపే వంకర దారి కోసం ఫుట్‌పాత్‌ని కోయకూడదనీ రాయించాలి. పార్కింగ్ భవనం నుంచి హోటల్‌కి గాలిలో వంతెన అడిగితే కాదనాలి. ఆ వంతెన మీంచి పోయినవాడు వీధిలో ఒక్క కొట్టు ముందు కూడా ఆగడు. తెరిచిన ఏడాదికి, పండగా ఆటా ఏదీ లేని ఓ మంగళవారం రాత్రి తొమ్మిదింటికి హోటల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తోస్తే తెరుచుకునే తలుపులెన్నో లెక్కపెట్టుకోవాలి.